ఏ పని మానేశారు?

ఒంట్లో పటుత్వం తగ్గుతున్న సంగతి హైదరాబాద్‌లోని మా గచ్చిబౌలిలో చాలా ఆలస్యంగా బయటపడుతుంది. ఊళ్లో అయితే అట్లా కాదు. బావిలోంచి చేద లాగలేకపోయిన రోజునే ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. పీట మీంచి లేవడానికి గోడ పట్టుకుంటే పక్కింటావిడ కూడా చూసి, "ఏమైందమ్మా మోకాలికి?" అని ఆరా తీస్తుంది. ఇక్కడ లిఫ్టు ఉంది, కమోడ్ ఉంది, గేటు ముందుకొచ్చి ఆగే క్యాబ్ ఉంది, ఫోను నొక్కితే కూరగాయలు తెచ్చిచ్చే కుర్రాళ్లున్నారు. కాలికీ చేతికీ ఏ పరీక్షా పెట్టకుండానే రోజు గడిచిపోతుంది. అందుకే కీళ్ల జబ్బున్న వాళ్లను "ఎలా ఉన్నారు?" అని అడిగితే "బాగానే ఉన్నానండీ" అంటారు. అబద్ధం చెప్పరు పాపం. కష్టమైన పనులన్నీ ఒక్కొక్కటే మానేశారు కాబట్టి, మిగిలిన పనులు బాగానే చేసుకుంటున్నారు.

మా బ్లాకులో మూడో అంతస్తు అక్కయ్యగారికి నాలుగేళ్లుగా కీళ్లవాతం. నొప్పి ఎలా ఉందని నేనెప్పుడూ అడగను. "ఈ మధ్య ఏ పని మానేశారు?" అంటాను. మొదటిసారి అడిగినప్పుడు ఆవిడ చాలాసేపు ఆలోచించారు. జడ వేసుకోవడం మానేసి క్లిప్పు పెట్టుకుంటున్నారట. ఆవకాయ జాడీ మూత తియ్యడం కోడలి పనైంది. పట్టుచీర బీరువాలోనే ఉంటోంది, కుచ్చిళ్లు పట్టి దోపుకోవడానికి వేళ్లు సహకరించడం లేదు. ఇవేవీ ఆవిడ డాక్టరుగారికి చెప్పలేదు. నొప్పి తగ్గిందని మాత్రం చెప్పారు.

జబ్బు సంగతి కాస్త చెప్పుకుందాం. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే ఈ కీళ్లవాతంలో, బయటి క్రిములతో పోరాడాల్సిన మన రక్షణ వ్యవస్థ పొరబడి మన కీళ్ల లోపలి పొర మీదే పడుతుంది. ఆ పొర వాచి, మందమై, పక్కనున్న మృదులాస్థినీ ఎముకనూ కొరుక్కు తినడం మొదలుపెడుతుంది. వేళ్ల కణుపులు, మణికట్లు, అరికాలి ముందుభాగం ముందుగా దొరుకుతాయి. తెల్లవారి లేచాక గంటో రెండు గంటలో చేతులు బిగదీసుకుపోయి ఉంటాయి. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఢిల్లీ వైద్యులు హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల్లో ఇంటింటికీ తిరిగి 1993లో ప్రచురించిన లెక్క ప్రకారం పెద్దవాళ్లలో నూటికి 0.75 మందికి, అంటే వెయ్యికి ఏడెనిమిది మందికి ఇది ఉంది. ఆ లెక్కన మా చుట్టుపక్కల పెద్ద గేటెడ్ కమ్యూనిటీ ఒక్కోదానిలో కొందరైనా ఉంటారన్నమాట.

వీళ్లకు ఈఎస్ఆర్, సీఆర్‌పీ అని రక్తపరీక్షలు చేస్తారు. అవి అవసరమే. ఒంట్లో మంట ఎంతుందో చెబుతాయి. అయితే పొయ్యి మంట చూసి అన్నం ఉడికిందని చెప్పలేం కదా, మెతుకు పట్టి చూడాలి. మనిషి ఏం చేసుకోగలుగుతోందో, ఏం చేసుకోలేకపోతోందో విడిగా కొలవాల్సిందే.

ఆ కొలత కోసం వైద్యులు చాలాకాలం తంటాలు పడ్డారు. 1949లో అమెరికాలో ఓటో స్టైన్‌బ్రోకర్, ఆయన తోటి వైద్యులు రోగులను నాలుగు తరగతులు చేశారు. అన్ని పనులూ చేసుకునేవాళ్లు ఒకటో తరగతి, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లు నాలుగో తరగతి. ఉపయోగపడింది కానీ మరీ మోటు కొలత. రెండో తరగతిలో ఉన్న మనిషి మందు పనిచేసి కొంచెం కోలుకున్నా రెండోలోనే ఉండేది, కొంచెం దిగజారినా రెండోలోనే ఉండేది.

ఆ రోజుల్లోనే ఇంకో పద్ధతి ఉండేది, నాకు చాలా ఇష్టమైనది. బీపీ చూసే పట్టీ ఉంటుంది కదా, దాన్ని చుట్టచుట్టి, 20 మిల్లీమీటర్ల దాకా గాలి నింపి రోగి చేతిలో పెడతారు. "ఎంత బలముంటే అంతా పెట్టి పిండమ్మా" అంటారు. గొట్టంలో పాదరసం జివ్వున లేస్తుంది. అది ఎంతదాకా పోయిందో అదే ఆ చేతి పట్టు. ఒక్కో చేతికీ మూడుసార్లు చూసి సగటు కడతారు. ఆరోగ్యమైన చెయ్యి పాదరసాన్ని దాదాపు గొట్టం పైదాకా తోసేస్తుంది. వాచిన చేతికి వంద దగ్గరే ఆగిపోవడం మామూలే. ఖరీదైన యంత్రమేమీ లేకుండా, ప్రతి డాక్టరు బల్ల మీదా ఉండే వస్తువుతోనే పని జరిగిపోయింది చూడండి. ఇప్పుడు దీనికి డైనమోమీటర్లు వచ్చాయి, కిలోల్లో చూపిస్తాయి. ఇంకొకరు ఒక గుడ్డ పలకకు గుండీలు కుట్టి, పెట్టి తియ్యడానికి ఎన్ని సెకన్లు పడుతోందో గడియారం పట్టుకుని చూసేవారు. 50 అడుగుల దూరం నడిపించి కాలం లెక్కపెట్టేవారు.

ఇవి చిన్నపిల్లల ఆటల్లా కనిపిస్తాయి గానీ వీటి వెనక బరువైన సంగతి ఉంది. అమెరికాలో థియొడోర్ పింకస్ అనే వైద్యుడు 75 మంది కీళ్లవాతం రోగులను తొమ్మిదేళ్లు గమనించి 1984లో ఫలితాలు ప్రచురించారు. చాలామందికి పని చేసుకునే శక్తి బాగా పడిపోయింది, ఉద్యోగాలు పోయాయి, రావలసిన వయసుకన్నా ముందే చావులు వచ్చాయి. 1987లో ఆయన బృందమే ఇంకో మాట బయటపెట్టింది. ఎవరు ముందుగా పోతారన్నది గుండీ పరీక్ష, నడక వేగం, రోగి స్వయంగా నింపిన ప్రశ్నపత్రం చెప్పగలిగాయి. గుండీ పెట్టుకోవడానికి పట్టే సెకన్లకు ప్రాణంతో సంబంధం ఉందని తేలాక, "కీళ్లనొప్పులేగా, వాటితో చస్తారా" అనే మాట ఎవరూ అనకూడదు.

ఇలాంటి ప్రశ్నపత్రాల్లో ఒకటి స్టాన్‌ఫర్డ్‌లో పుట్టింది. జేమ్స్ ఫ్రైస్ అనే వైద్యుడు తన బృందంతో కలిసి 1980లో దీన్ని ప్రచురించారు. హెల్త్ అసెస్‌మెంట్ క్వశ్చనేర్ అంటారు, పొట్టిగా హాక్. బట్టలు వేసుకోవడం, లేవడం, తినడం, నడవడం, స్నానాదులు, పైకి చెయ్యి చాచడం, పట్టుకోవడం, బయటి పనులు, ఇలా ఎనిమిది రకాల పనుల మీద 20 ప్రశ్నలు. కష్టం లేకుండా చేస్తే సున్నా, కొంచెం కష్టమైతే 1, చాలా కష్టమైతే 2, అసలు చెయ్యలేకపోతే 3. రోగే చదివి రోగే గీత పెడుతుంది. డాక్టరు చూసి చెప్పే మాటకన్నా మనిషి తన గురించి తాను చెప్పుకున్న మాటను లెక్కలోకి తెచ్చిన ఆ పెద్దాయనకు నేను దణ్ణం పెడతాను.

అయితే అమెరికా ప్రశ్నలు మనకెలా కుదురుతాయి? వాళ్లకు బాత్‌టబ్ ఉంటుంది, మనకు బకెట్టూ చెంబూ. అందుకని మన వైద్యులు అశోక్ కుమార్, మాలవీయ, వారి సహచరులు దీనికి భారతీయ రూపం తయారుచేసి 2002లో ప్రచురించారు. ప్రశ్నలు 12. చీర గానీ ధోవతి గానీ కట్టుకుని గుండీలు పెట్టుకోగలరా? మంచం ఎక్కి దిగగలరా? నిండు గ్లాసు నోటిదాకా ఎత్తగలరా? ఒళ్లంతా కడుక్కుని తుడుచుకోగలరా? కుళాయి తిప్పగలరా? వంగి కింద పడిన బట్ట తియ్యగలరా? ఆటో ఎక్కి దిగగలరా? కూరగాయల బజారుకు పోయి కొనుక్కు రాగలరా? ఒక అంతస్తు మెట్లు ఎక్కగలరా? చదునైన నేల మీద నడవగలరా అని ఒకటి, మూడు కిలోమీటర్లు నడవగలరా అని ఇంకొకటి. అన్నిటికన్నా మనదైన ప్రశ్న, గొంతుక్కూర్చోగలరా, బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చోగలరా అన్నది.

మూడు కిలోమీటర్లంటే మా బాలయోగి స్టేడియం లెక్కలో చెబుతాను. 2002లో జాతీయ క్రీడలు జరిగిన చోటు. అథ్లెటిక్ ట్రాక్ చుట్టు 400 మీటర్లు కాబట్టి ఏడున్నర చుట్లు.

గొంతుక్కూర్చునే ప్రశ్నకు మా కాలనీలో చాలామంది "మాకు అవసరం లేదు, కమోడ్ ఉంది" అంటారు. అవసరమున్నా లేకపోయినా సమాధానం రాయాల్సిందే. అవసరం లేని పనిగా మారిపోయిన తర్వాత అది చేతనవుతోందో లేదో ఎవరికీ పట్టదు. తర్వాతెప్పుడో పెళ్లికో తద్దినానికో ఊరెళితే, అక్కడ గొంతుక్కూర్చునే దొడ్డి తప్ప ఇంకోటి ఉండదు. ఆ ఒక్క కారణానికి పుట్టింటికి వెళ్లడం మానేసిన ఆడపడుచులు నాకు తెలుసు. జబ్బు మోకాలిని పట్టుకుంటే దూరమైంది అన్నదమ్ములు.

ఇక కుర్రాళ్ల విషయానికి వస్తాను. మైండ్‌స్పేస్ వైపు ఆఫీసులో పనిచేసే ఒక అబ్బాయి కింద లాబీలో ఆపి అడిగాడు.

"తాతగారూ, ఏడాదిగా నడుం నొప్పి. కుర్చీ మార్చాను, పరుపు మార్చాను. తగ్గట్లేదు."

"సెలవురోజు పొద్దెక్కేదాకా పడుకుంటావు కదా నాయనా, ఆ రోజు హాయిగా ఉంటుందా?"

"లేదండీ, ఆ రోజే ఇంకా బిగుసుకుపోతుంది. తెల్లవారుజామున మూడింటికి నొప్పికి మెలకువ కూడా వస్తుంది. లేచి నాలుగడుగులు తిరిగితే సర్దుకుంటుంది."

కుర్చీ వల్ల వచ్చే నొప్పి పడుకుంటే తగ్గాలి. పడుకుంటే పెరిగి, కదిలితే తగ్గే నొప్పి వేరు జాతి. నలభై ఏళ్లలోపు మెల్లగా మొదలై మూడు నెలలు దాటి సాగితే, వెన్నెముక కీళ్లలో మంట ఉందేమోనని అనుమానించాలి. ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అంటారు. చూడకుండా వదిలేస్తే ఏళ్లు గడిచేకొద్దీ వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. ఐటీ కుర్రాళ్లలో దీన్ని పట్టుకోవడం కష్టమవుతోంది, ఎందుకంటే నడుం నొప్పి అనగానే తల్లిదండ్రుల దగ్గర్నుంచి టీమ్ లీడ్ దాకా అందరూ ల్యాప్‌టాప్‌నే తిడతారు.

దీనికీ చవకైన కొలత ఉంది, ఒక టేపు చాలు. 1937లో షోబర్ అనే జర్మన్ వైద్యుడు చెప్పిన పద్ధతికి తర్వాతివాళ్లు చేసిన మార్పు ఇది. నడుం కింద రెండు పక్కలా చిన్న సొట్టలుంటాయి, ఆ మట్టానికి వెన్ను మీద ఒక గీత పెడతారు. దానికి 10 సెంటీమీటర్లు పైన ఒకటి, 5 సెంటీమీటర్లు కింద ఒకటి. నిలబడి ఉన్నప్పుడు చివరి గీతల మధ్య దూరం 15. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగమంటారు. చర్మం వెన్నుతో పాటు సాగి, ఆ దూరం 20 దాటాలి. 17, 18 దగ్గర ఆగిపోతే నడుం వంగడం లేదు, తుంటి కీలు మాత్రమే వంగుతోంది. చేతులు నేలకు తాకాయని సంబరపడే కుర్రాడిలో కూడా ఇది బయటపడుతుంది. ఈ జబ్బుకు ఇంగ్లండులోని బాత్ నగర వైద్యులు 1994లో పది ప్రశ్నల పత్రం ఒకటి తయారుచేశారు. సాక్సులు వేసుకోవడం, కింద పడ్డ పెన్ను తియ్యడం, చేతులూతం లేకుండా కుర్చీలోంచి లేవడం, ఒళ్లు తిప్పకుండా భుజం మీదుగా వెనక్కి చూడడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద లేన్ మారేటప్పుడు తల తిప్పి చూడలేని వాడికి ఆ చివరి ప్రశ్న ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా! ఆ అబ్బాయిని రుమటాలజిస్టు దగ్గరికి పంపాను.

కొలిచాం సరే, ఉన్న శక్తిని నిలబెట్టుకోవడం ఎలా? ఇక్కడ మన తెలుగువాడి పేరు తలచుకోకపోతే తప్పు. కీళ్లవాతానికి ప్రపంచమంతా ముందుగా వాడే మందు మెథోట్రెక్సేట్. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల్లోంచి వచ్చింది అది. ఆయన బృందం 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే పదార్థాలను తయారుచేస్తే వాటిలో ఒకటైన అమినోప్టెరిన్ పసిపిల్లల రక్తకాన్సరును తాత్కాలికంగానైనా అదుపులోకి తెచ్చింది, సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 1948లో ఆ సంగతి ప్రకటించారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. సుబ్బారావుగారు ఆ ఏడాది ఆగస్టులోనే పోయారు. 1951లో గబ్నర్ అనే వైద్యుడు అమినోప్టెరిన్‌తో కీళ్లవాతం తగ్గడం చూశారు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు పైగా నడిచింది కథ. పెద్ద పరీక్షలు జరిగి, కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడవచ్చని 1988లో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. దుష్ఫలితాలు తగ్గడానికి దీనితో పాటు ఫోలిక్ ఆమ్లం బిళ్ల కూడా రాస్తారు. రెండు బిళ్లల వెనకా ఆ భీమవరం బిడ్డే ఉన్నాడు. ఇంకా ముందు హార్వర్డ్‌లో ఉన్నప్పుడు ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఆయన కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌నీ, ఏటీపీనీ వేరుచేసి చూపించారు. కుర్చీలోంచి లేచేటప్పుడు మన తొడ కండరం ఖర్చుపెట్టే ఇంధనం అదే.

మెథోట్రెక్సేట్ గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. కీళ్లవాతానికి దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ రోజు పేరు డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. బిడ్డ కావాలనుకునే అమ్మాయిలు, అబ్బాయిలు కూడా, ముందే డాక్టరుతో మాట్లాడాలి. రక్తపరీక్షలు మానకూడదు.

మందు మంటను ఆర్పుతుంది. పోయిన కండ మాత్రం మందుతో రాదు. కీలు వాచినప్పుడు దాన్ని నడిపే కండరం కూడా చిక్కిపోతుంది, మోకాలు వాచినవాళ్ల తొడలు సన్నబడడం చూసే ఉంటారు. ఒకప్పుడు వైద్యులే కీళ్లవాతానికి వారాల తరబడి మంచంలో విశ్రాంతి చెప్పేవారు. ఆ భయం మన ఇళ్లలో ఇంకా పోలేదు. నెదర్లాండ్స్‌లో 300 మందికి పైగా రోగులను తీసుకుని, వాళ్లలో సగంమందితో రెండేళ్లు, వారానికి రెండుసార్లు సైకిలు, బరువులు, ఆటలతో గట్టి వ్యాయామం చేయించి చూశారు. 2003లో వచ్చిన ఫలితం ప్రకారం పని చేసుకునే శక్తి పెరిగింది, జబ్బు రెచ్చిపోలేదు. అప్పటికే తుంటి, మోకాలు లాంటి పెద్ద కీళ్లు బాగా అరిగిపోయిన వాళ్లు మాత్రం జాగ్రత్తగా ఉండాలని తేలింది. బ్రిటన్‌లో 490 మంది రోగులను తీసుకుని, వాళ్లలో సగంమందికి చేతివేళ్ల కసరత్తు నేర్పారు. సాగదీయడం, మెత్తటి పిండి లాంటి ముద్దను పిసకడం, రబ్బరు పట్టీని లాగడం, అంతే. ఏడాది తర్వాత వాళ్ల చేతుల పని మిగతావాళ్లకన్నా మెరుగ్గా ఉందని 2015లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది.

"ఇంటి పనంతా నేనే చేస్తాను, ఇంకా కసరత్తెందుకు?" అని ఆడవాళ్లంటారు. ఇంటి పని అలసటనిస్తుంది, బలాన్ని అంతగా ఇవ్వదు. కండ పెరగాలంటే బరువు కొంచెం కొంచెం పెరగాలి. అంట్ల గిన్నె ఎప్పటికీ అదే బరువు. ఫిజియోథెరపిస్టు దగ్గర నాలుగు కసరత్తులు నేర్చుకుని ఇంట్లో చేస్తే ఖర్చు కూడా ఉండదు. వాపు ఎక్కువగా ఉన్న రోజుల్లో తగ్గించాలి, పూర్తిగా ఆపెయ్యకూడదు.

ఇంట్లో చూసుకోగల కొలత ఒకటి చెబుతాను. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టండి, ఎత్తు 17 అంగుళాలు ఉండాలి. రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లు 12కి, మగవాళ్లు 14కి తగ్గకూడదు. 70 నుంచి 74 మధ్య అయితే 10, 12. పక్కన ఒకరుండాలి. తూలే అలవాటున్నవాళ్లు చెయ్యొద్దు. ఇవి అమెరికాలో ఆరోగ్యవంతులను చూసి కట్టిన లెక్కలు, కాబట్టి అంకె ఎంతొచ్చిందన్నదాని కన్నా పోయినసారికీ ఈసారికీ తేడా ఎంతన్నది చూడండి.

మూడో అంతస్తు అక్కయ్యగారి విషయంలో మానేసిన పనుల లెక్కే పనికొచ్చింది. జడ, జాడీ, కుచ్చిళ్లు, మూడూ కాగితం మీద రాసి డాక్టరుగారికి ఇచ్చారు. ఆయన మందు మోతాదు మార్చి, చేతుల కసరత్తుకు పంపారు. ఇప్పుడు జడ వేసుకుంటున్నారు. జాడీ ఇంకా కోడలే తీస్తోంది.

మా ఐటీ కారిడార్‌లోని పెద్ద ఆసుపత్రుల్లో రుమటాలజిస్టులున్నారు. పంజాగుట్ట నిమ్స్‌లో ఆ విభాగమే ప్రత్యేకంగా ఉంది, పాతకాలం వాళ్లు నిజాం బొక్కల దవాఖాన అనేది నిమ్స్‌నే. ఎక్కడికి వెళ్లినా డాక్టరు ముందు మీకు దొరికేది కొద్ది నిమిషాలు. ఆ నిమిషాల్లో నొప్పి గురించి మాత్రమే మాట్లాడి రావద్దు. ఇంట్లో కీళ్ల జబ్బున్న పెద్దవాళ్లుంటే ఈ ఆదివారం భారతీయ హాక్‌లోని ఆ 12 ప్రశ్నలూ అడిగి, తేదీ వేసి, ఫైల్లో పెట్టండి. మూడు నెలలకోసారి అవే మళ్లీ అడగండి. కొత్తగా కీళ్లు వాచి, పొద్దున బిగుతు ఆరు వారాలు దాటి ఉందంటే మాత్రం మూడు నెలలు ఆగకండి, ఈ వారమే చూపించండి.